సంధి కార్యం

చూళైలో మెట్ల కింద గది. ఒకప్పుడు పెళ్ళికార్డుల ప్రెస్సు.
గోడల మీద ఇంకా సిరా మరకలు, ఏ తడిగుడ్డకీ లొంగనివి.
ఇక్కడ కూర్చుని నేను అక్షరాలు పంచుతాను.

క గుణింతం బళ్ళారిలో తహేరాకి.
ట నుంచి ణ దాకా హోసూరు పాపన్నకి,
రాత్రి షిఫ్టు చేసొచ్చి పగటి నిద్రలోంచి గీస్తాడు.
వత్తులన్నీ పూంగోదైకి.
ఱ ఎవరికీ వద్దు.
బండి ఱ అనగానే అందరికీ వేరే పని గుర్తొస్తుంది.
పట్టికలో ఆ గడి నాలుగు నెలలు ఖాళీగా చూసి
చివరికి నా పేరే రాసుకున్నాను.

జీతాలు లేవు. తిట్టే హక్కూ లేదు.
ఉన్నదల్లా ఆ పట్టిక:
ఎవరు ఏది ఎత్తుకున్నారు,
ఎవరు దించకుండానే ఊరెళ్ళిపోయారు.
"చివరిది" అని ఒక ఫైలు,
"చివరిది రెండు",
"ఇదే చివరిది, ఒట్టు".
ఒట్టు పెట్టాక కూడా మూడుసార్లు మారింది.

దీన్ని మేం రిపోజిటరీ అంటాం.
కోదండపాణి గారు కొట్టుగది అంటారు.
ముప్పై ఏళ్ళు సీసపు అక్షరాలు ఏరిన వేళ్ళు ఆయనవి.
మౌసుని, ఎలుక నిజంగానే పారిపోతుందేమో అన్నట్టు
గట్టిగా అదిమి పట్టుకుంటారు.
కొమ్మ అన్నమాట మాత్రం నచ్చింది ఆయనకి.
"తలో కొమ్మ మీదా కూర్చుని గీసుకోండి,
కొమ్ములు మాత్రం నాకు చూపించి పెట్టండి."

పూంగోదైకి తెలుగు చదవడం రాదు.
రాదు కనకే ఆమెకి అక్షరం కనిపిస్తుంది.
మాకు శబ్దం అడ్డొస్తుంది.
"ఈ న వత్తు కింద నిలబడి మోస్తోందా,
పైదాన్ని పట్టుకుని వేలాడుతోందా?"
సగం తమిళం, సగం చేతులు.
ఎవరికీ జవాబు తెలీలేదు.
ఆ రోజు ఇరవై రెండు వత్తులు వెనక్కి తీసుకున్నాం.

కార్తీకంలో వాన. మూడు రోజులు అందరం తలో దిక్కు.
నాలుగోనాడు కరెంటు వచ్చేసరికి
కొట్టుగది గుమ్మంలో రెండు శ్రీలు.
తహేరాది నిండుగా, పీటల మీద కూర్చున్నట్టు.
పాపన్నది సన్నం, కదిలే బస్సు అందుకుంటున్నవాడి నడుము.
ఏది ఉంచాలి అని యంత్రం అడిగింది.
రెంటి మధ్యా సమానం గుర్తులు వరసగా పేర్చి,
పాపం, చాలా మర్యాదగా.

ఇద్దరూ నాతో మాట్లాడ్డం మానేశారు.
వాళ్ళలో వాళ్ళు ఎప్పుడూ మాట్లాడుకున్నదే లేదు,
మొహాలు కూడా తెలీవు.

కోదండపాణి గారు కళ్ళజోడు తుడుచుకుని
"పక్కన మతి పెట్టు" అన్నారు. శ్రీమతి.
"కాకుళం పెట్టు." శ్రీకాకుళం.
"ఇప్పుడన్నీ తీసెయ్.
శుభలేఖ నెత్తిన తప్ప ఒంటి శ్రీ ఎక్కడుంటుందమ్మా?"

ఒంటిగా ఉంటే తహేరాది.
పక్కకి ఇంకో అక్షరం వచ్చిందా, పాపన్నది.
ఆరు వరసల సూత్రం, రాత్రి రెండింటికి పనిచేసింది.
ఆదేశం శత్రువులా వచ్చి ఉన్నదాన్ని లేపేస్తుందట,
ఆగమం చుట్టంలా వచ్చి పక్కన సర్దుకుంటుందట.
ఇది ఏ సంధో నాకు తెలీదు.
బడిలో ఆ పాఠం రోజు నాకు జ్వరం.

ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు,
పేర్లు మాత్రం చెరపకూడదు.
అంతే రాసి, తలుపు తీసిపెట్టాం.

మాఘంలో, వేళచ్చేరిలో ఒక మెస్సు.
గోడ మీద ఆనాటి వంటల పట్టిక మా అక్షరాల్లో.
వడ్డించే కుర్రాణ్ణి అడిగితే
ఎక్కణ్ణించి తెచ్చారో వాడికి తెలీదు.
ముద్దపప్పు కింది వత్తు
ఉలవచారు నెత్తిన దిగి కూర్చుంది.
ఎవరూ చూడట్లేదు, అందరూ తింటున్నారు.

కుడిచేతి నిండా అన్నం.
ఎడమచేత్తో ఫోను తీసి కొత్త పని తెరిచాను:
ద వత్తు, జారింది, గోరంత పైకి లాగాలి.
ఎవరు అన్న గడి ఖాళీగా వదిలేశాను.

చెయ్యి కడుక్కుని వచ్చి చూస్తే
పూంగోదై తన పేరు రాసుకుంది.